కలింగనగరమునుండి అలమండ వరకు: తెలుగు నవలలో శునకదృష్టి

ఒక కుటుంబమును ఆ యింటి కుక్క కన్నులతో చూచి చెప్పిన నవల తెలుగున నేది యని యడిగినచో, ఉత్తరాంధ్ర పాఠకుడు వెదకుకొన నక్కఱలేకయే 'వీరబొబ్బిలి' యని చెప్పును. కాకర్లపూడి నరసింహ యోగ పతంజలిగారు వ్రాసిన యీ చిన్న నవలకు పేరిచ్చినది కథలోని రాజులు కారు. వారి లోగిలిలోని కుక్క. విజయనగర మండలమందలి అలమండ గ్రామము దీనికి రంగస్థలము. 1980 దశకమున వెలువడిన యీ నవలను హాస్యరచనగా చదివి నవ్వుకొన్న వా రనేకులు. ఆ నవ్వునకు మేమును లోబడినవారమే. కాని యీ వ్యాసమున మేము చేయదలచినది వేఱొక పని. జమీందారీ యుగము గతించిన పిదప ఉత్తరాంధ్రమున మిగిలిన మనఃస్థితికి ఈ నవల చరిత్రాధారముగా నిలుచునని, ఆ యాధారము కుక్క చూపున నుండుటచేతనే విలువైనదని నిరూపింప యత్నింతుము.

అలమండ కథకు శ్రీముఖలింగమునుండి బయలుదేరుట కొందఱకు వింతగా తోపవచ్చును. అయినను ఆ నవల నిలుచుటకు కావలసిన రెండు పునాదులును ఆ గ్రామ పరిసరములందే కనబడుచున్నవి. రాజ్యము పోయినను బిరుదులు నిలుచునను చారిత్రక సత్య మొకటి. వాడుకభాష వచనరచనకు తగినదని స్థాపింపబడుట రెండవది. ఈ రెండును లేక వీరబొబ్బిలి నోరు తెఱచి యుండెడిది కాదు.

వంశధారానది గట్టున నున్న శ్రీముఖలింగము నేడొక పల్లె. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మూడును లేకున్నచో అది యొకప్పుడు రాజధాని యని నమ్ముట కష్టము. తూర్పుగాంగుల కలింగనగర మిదియే. ఆ వంశపు రాజగు కామార్ణవుడు ఇప్పచెట్టునుండి వెలసిన లింగమునకు ఉన్నతమైన ఆలయమును కట్టించెననియు, మధూకమునుండి పుట్టుటచే ఆ స్వామికి మధుకేశుడను పేరు కలిగెననియు గాంగుల తామ్రశాసనము చెప్పుచున్నది. స్థలపురాణము ఆ చెట్టును శబరనాయకుని పెరటిలో పెట్టినది. శాసనము రాజును చెప్పి చెట్టు యజమానిని విడిచినది. జనులు చెట్టు యజమానిని చెప్పి రాజును మఱచిరి. ఈ వ్యత్యాసము మా ప్రస్తుత విషయమున కక్కఱకు వచ్చును.

గాంగుల తొలి శాసనములను చదివినవారికి వాని పీఠిక సుపరిచితము. మహేంద్రగిరి శిఖరమున ప్రతిష్ఠితుడైన గోకర్ణస్వామి పాదములకు మ్రొక్కుటచే కలిదోషము బాసినవాడు, తన కత్తివాదరచే సకల కలింగాధిరాజ్యమును గడించినవాడు, పరమమాహేశ్వరుడు, తల్లిదండ్రుల పాదములయందు భక్తి గలవాడు అని రాజును వర్ణించిన పిదప గాని దానమేమియో తెలియదు. తరము మారినను వర్ణన మాఱదు. తండ్రికి చెప్పిన మాటలనే కొడుకునకును చెప్పుదురు. సకల కలింగమును గెలిచినవాడు తుదకు దానము చేసినది ఒక్క చిన్న గ్రామమై యుండుటయు కలదు. బిరుదమాల పొడవునకును చేసిన పని కొలతకును సంబంధ ముండ నక్కఱలేదని శాసనపాఠకుడు త్వరలోనే నేర్చుకొనును.

అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టాభిషిక్తుడై ఉత్కళమును జయించెను. 12వ శతాబ్దమున రాజధాని కటకమునకు మాఱిన పిదప కలింగనగరము క్రమముగా పల్లెయైనది. కోట లేదు, కొలువు లేదు. గుడిగోడలపై అఖండదీపములకు దానము లిచ్చినవారి మాటలు మాత్రము దీపము లాఱిపోయిన పిదపను అదే ఠీవితో నిలిచియున్నవి. యజమాని లేని యింట యజమాని గొంతు మిగులుట యనగా నిదియే.

ఆ యక్షరములను చదువుటకు పూనుకొన్నవారిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ముఖ్యులు. వారు 1863లో ముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, ఎవరియొద్దను శిష్యరికము లేకయే ప్రాచీనలిపులను నేర్చి, ముఖలింగమే కలింగనగరమని ప్రతిపాదించిరి. వజ్రహస్తుని నడగాం శాసనమును 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగవ సంపుటమున ప్రకటించిరి. సవరభాషను నేర్చి నిఘంటువును కూర్చిరి. 1906 ప్రాంతమున గురజాడ అప్పారావుగారు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల పరీక్షాధికారి యేట్సుదొర మున్నగువారితో కూడి వ్యావహారికభాషోద్యమమును నడపిరి. శాసనమును చదివిన కన్నులును, సవర పలుకును విన్న చెవులును ఒకే మనిషివి. వ్రాతలో నిలిచిన మాటకును నోట నాడు మాటకును ఎంత దూరము కలదో ఆయనకు తెలిసినట్లు మఱియొకరికి తెలియ నవకాశము తక్కువ. (ఈ వ్యాసమును గ్రాంథికచ్ఛాయలో వ్రాయుచున్న మమ్ము చూచినచో పంతులుగారు గుబురుమీసముల చాటున నవ్వుకొని యుందురు. విశ్వవిద్యాలయ సంచికల యాచారము నట్లే పాటించుచున్నాము.)

భాష విషయము కుక్కకథకేల యని యడుగవచ్చును. తెలుగువచనమున జంతువులు మాటలాడుట క్రొత్త కాదు. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన 'నీతిచంద్రిక'లో పింగళకుడను సింహము, సంజీవకుడను ఎద్దు, కరటక దమనకులను నక్కలు పుటలకొలది మాటలాడును. అవి యాడు భాష మంత్రుల భాష, సభల భాష. నక్క నక్కవలె గాక నీతిశాస్త్రము చదివిన అమాత్యునివలె మాటలాడుటయే యచటి సొగసు. జంతువు ముసుగు, లోపల నున్నవాడు పండితుడు. ఆ ముసుగు వేఱు, ఒక జంతువు తానున్న చోటునుండి లోకమును చూచుట వేఱు. వాకిటిలో పండుకొనిన కుక్క వినునది నీతిశాస్త్రము కాదు. వంటయింటి మాటలు, పాలేరు గొణుగుడు, అప్పులవాని కేక, రాజుగారి దగ్గు. ఆ మాటలు వ్రాతకెక్కు వఱకు ఆ కుక్కకు సాహిత్యమున చోటు లేదు. చోటు దొరకుటకు 'నీతిచంద్రిక' తరువాత నూఱేండ్లకు పైగా పట్టినది.

అంతకు పూర్వము మన వాఙ్మయమున కుక్క పలుకలేదా? పలికినది, మిక్కిలి గంభీరముగా పలికినది. ఋగ్వేద దశమమండలమున సరమా-పణి సంవాదము కలదు. గోవులను దాచిన పణులయొద్దకు సరమ ఇంద్రుని దూతికయై పోయినది. నిన్ను సోదరిగా చూచుకొందుము, గోవులలో పాలిత్తుము, ఇచ్చటనే యుండుమని వారాశ చూపిరి. ఆమె యంగీకరింపలేదు. సూక్తమున ఆమె కుక్కయని స్పష్టముగా లేదు; దేవశుని యను ప్రసిద్ధి పిదప స్థిరపడినది. బృహద్దేవత ఈ కథనే తలక్రిందులు చేసినది. సరమ పణుల పాలు త్రావి వచ్చి గోవులను చూడలేదని బొంకినదనియు, ఇంద్రుడు తన్నగా ఆ పాలు క్రక్కినదనియు అది చెప్పును. స్వామిభక్తికి ఉదాహరణముగా నిలిచిన దూతనే తరువాతివారు శంకించిరి. విశ్వాసమును పొగడు లోకము దానిని పరీక్షించుట మానదు.

నన్నయభట్టారకుని ఆదిపర్వమున సరమ మఱల వచ్చును. జనమేజయుని సత్రశాలలో ఆటలాడుచున్న ఆమె కొడుకు సారమేయుని రాజు తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. ఆమె వచ్చి, తప్పు చేయని సాధువులకు, బలహీనులకు కీడు చేసినవారిని తలంపని భయములు వచ్చి పొందునని రాజుతో చెప్పి వెడలిపోయినది. రాజరాజనరేంద్రుని సభలో పుట్టిన తెలుగు మహాకావ్యమున, కథ యింకను కుదురుకొనకముందే, ఒక తల్లికుక్క రాజును నిలదీసినది. రాజు భయపడి పురోహితుని వెదకుకొనెను. ఇక భారతము రెండవ కొనను, తిక్కన తెనిగించిన మహాప్రస్థానికపర్వమున, ధర్మరాజు వెంట నొక కుక్క నడచును. తమ్ములు, ద్రౌపది త్రోవలో పడిపోయిరి, కుక్క పడలేదు. స్వర్గమున కుక్కకు చోటు లేదని ఇంద్రు డనెను. నన్ను నమ్మి వచ్చిన దానిని విడువనని ధర్మరాజు రథమెక్కుటకు నిరాకరించెను. అది ధర్ముడని తేలిన పిదపనే దానికి పలుకు వచ్చినది; కుక్కగా నున్నంతవఱకు మాటలేదు. భారతము రెండు ద్వారములను రెండు కుక్కలు కాచుచున్నవన్న తప్పుగాదు. ఒకటి రాజుపై ఫిర్యాదు చెప్పినది. ఒకటి నోరెత్తక వెంట నడచినది.

హితోపదేశములోని కుక్క ఈ రెంటికిని దూరము. వారణాసిలో కర్పూరపటకుడను చాకలి యింట దొంగ ప్రవేశింపగా పెరటిలోని కుక్క మొఱగలేదు. మొఱుగవేమని గాడిద యడుగగా, ఇన్నాళ్లు ఇల్లు కాచితిని, ఆపద లేకుండుటచే యజమాని నన్ను మఱచెను, కూడు సరిగ పెట్టడు. కొంచెము కష్టము చూచిన గాని నా విలువ తెలియదని కుక్క యన్నది. గాడిద తానే ఓండ్ర పెట్టి దెబ్బలు తినినది. 'ఎవరి పని వారు చేయవలె' నను నీతికై యీ కథ చెప్పుదురు. మాకు మాత్రము ఆ కుక్క మాటయే ముఖ్యముగా తోచును. విశ్వాస మనునది జాతిగుణము కాదు, ఇచ్చిపుచ్చుకొనుట యని చెప్పిన తొలి కుక్క యిదియే కావచ్చును. కొలువుకాండ్రు లెక్క చూచుకొనినట్లు అది లెక్క చూచుకొనినది.

సుమతీశతకకారుడు కుక్కను బంగారు సింహాసనముపై శుభముహూర్తమున కూర్చుండబెట్టి, దాని వెనుకటిగుణ మెట్లు మానునని యడిగిన పద్యము తెలుగుపిల్లలందఱకును కంఠస్థము. ఎనిమిది తరముల తెలుగువారు కుక్కను సింహాసనముతో కలిపి తలచునపు డెల్ల అది హీనుడు పీఠమెక్కుటకు గుఱుతు. అలమండలో ఈ యుపమానము తిరుగబడినది. సింహాసనమే పోయినది. దానిపై కూర్చుండదగినంత ఠీవి గల ప్రాణి యొక్క కుక్క మాత్రమే మిగిలినది.

పరదేశ సాహిత్యములను గూర్చి కొంత చెప్పవలసి యున్నది. పోలిక లేక భేదము తెలియదు. స్పెయినుదేశపు సెర్వాంటిసు 1613లో ప్రకటించిన 'ఆదర్శకథలు' అను సంపుటమున చివరిది రెండు కుక్కల సంభాషణము. వల్యదోలిదు నగరపు ఆసుపత్రిలో ఒక రాత్రి బెర్గాంజా యను కుక్క తన బ్రదుకును సిపియోన్ అను కుక్కకు చెప్పును. కబేళాలో, గొఱ్ఱెలమందయొద్ద, వర్తకుని యింట, తలారియొద్ద, జిప్సీలయొద్ద అది కొలువు చేసినది. అన్నిటిలో మందకథ మఱపురానిది. తోడేలు వచ్చినదని కాపరులు కేకవేసి కుక్కలను దూరము తఱుముదురు. ఒకనాడు బెర్గాంజా పొదలో దాగి చూడగా, కాపరులే గొఱ్ఱెను చంపి మంచిమాంసము తీసికొని, నింద తోడేలుపై పెట్టుచుండిరి. కావలివారే తోడేళ్లని తెలిసిన కావలికుక్క ఎవరితో చెప్పుకొనును? అది అచ్చోటు విడిచి పారిపోయినది. ఇంటివాని నేరమును లోపలినుండి చూచుటయే శునకదృష్టి యందలి సారమని సెర్వాంటిసు మొదటనే కనిపెట్టెను.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ దృష్టి దయాప్రచారమునకు పనిముట్టైనది. కెనడా రచయిత్రి మార్గరెటు మార్షలు సాండర్సు 1893లో వ్రాసిన 'బ్యూటిఫుల్ జో' ఒక కుక్క ఆత్మకథ. పాలవాడు చెవులు, తోక నఱకిన కుక్కను ఒక కుటుంబము చేరదీసినది. ఆ ఋణమును అది నవల నిండ తీర్చుకొనును. మార్కుట్వేను 1903లో వ్రాసిన కుక్కకథలో, తన బిడ్డను మంటలనుండి కాపాడిన కుక్క పిల్లను శాస్త్రజ్ఞుడైన యజమాని ప్రయోగమునకై చంపును. ఆ తల్లికి ఏమి జరిగినదో తెలియను కూడ తెలియదు. మన దేశమున ప్రేమ్‌చందు 1936లో బాలుర కొఱకు 'కుత్తే కీ కహానీ' వ్రాసిరి. కల్లూ అను పల్లెకుక్క తన కథను తానే చెప్పుకొనును. ఈ కథలన్నిటను కుక్క మంచిది. మనుష్యుడు దాని మంచితనమునకు తగినవాడా కాడా యనునదే ప్రశ్న. తెలుగున విశ్వనాథ సత్యనారాయణగారి 'మాక్లీ దుర్గంలో కుక్క' యను కథ పేర్కొనదగినది; అది వేఱు దారిది, కుక్క చూపుకథ కాదు.

వీరబొబ్బిలి ఈ వరుసలో నిలువదు. అది దయకు పాత్రముగా గాక, తానే దయ చూపుదానివలె ప్రవర్తించును. కథకుడు వేఱుగా నున్నను తన గొంతును చాలదూరము ఆ కుక్కకు అప్పగించెను. అది ఆలోచించును, మాటలాడును, అలుగును, తోటికుక్కలను చులకనగా చూచును. లోగిలి గౌరవము తనదే యనుకొనును. దాని స్వామిభక్తికిని దాని యహంకారమునకును నడుమ గీత గీయుట సాధ్యము కాదు. హితోపదేశపు కుక్కవలె కూటికి లెక్క చూచుకొనదు. సరమవలె నేరము మోపదు. ధర్మరాజు కుక్కవలె మౌనముగా వెంట నడువదు. యజమాని కులమును, బిరుదును, కోపమును తన యొంటిమీద వేసికొని తిరుగును. శాసనపీఠిక కోటను విడిచి గోడపై మిగిలినట్లు, దివాణపు ఠీవి రాజులను విడిచి కుక్కయందు మిగిలినది.

దీనిని అతిశయోక్తి యనుకొనువారు ఆ ప్రాంతపు చరిత్రను కొంచెము తలచుకొనవలెను. 1757 జనవరి 24న బుస్సీ నడపిన ఫ్రెంచిసేన, విజయనగర ప్రభువు పెద విజయరామరాజు సైన్యముతో కూడి బొబ్బిలికోటను ముట్టడించినది. కోటలోనివారు తమ స్త్రీబాలురను చంపి తామును మడిసిరి. తాండ్ర పాపారాయుడు కొలదిదినములలో విజయరామరాజును అతని గుడారముననే చంపెను. బొబ్బిలి కథను జంగముకథగా పాడుకొనని పల్లె కోస్తాంధ్రమున నరుదు. అటుపిమ్మట 1794 జులై 10న పద్మనాభముకడ చిన విజయరామరాజు కుంపిణీసేనల నెదిర్చి పడిపోయెను. ఆయనను విడువక పోరాడిన క్షత్రియు లనేకులు ఆయన చుట్టును పడిరి. తోక తిప్పని విశ్వాస మన్నది నాటికి కుక్కల గుణము కాదు, మనుష్యుల గుణము. దానికి వెల ప్రాణము.

1802లో శాశ్వత బందోబస్తు వచ్చినది. ప్రభువు పన్ను కట్టు జమీందారైనాడు. కత్తి పట్టిన కుటుంబములు గ్రామములలో భూములపై కుదురుకొనెను. 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారియు పోయినది. చట్టము భూమిహక్కును తీసివేయ గలిగినది గాని పిలుపును తీసివేయ లేదు. 'రాజుగోరు' అను పిలుపు మిగిలినది. పతంజలిగారు 'వీరబొబ్బిలి'తో జోడుగా చదువదగిన నవలకు ఆ పేరే పెట్టిరి. 'గారు' అని సంస్కరించినచో ఆ పేరు చచ్చును. 'గోరు' అన్నప్పుడు అనువాని నడుము వంగుటయు, వినువాని మీసము లేచుటయు, ఇద్దఱకును లోలోపల తెలిసిన వట్టితనమును ఒక్కమాటున వినవచ్చును. గురజాడవారి 'కన్యాశుల్కము' మొదలుకొని రావిశాస్త్రిగారి కథల వఱకు ఉత్తరాంధ్రపు పలుకు సంపాదించిన శక్తి యీ యొక్క యక్షరమున నున్నది. పర్వతాలపేట పంతులుగారి వాదము నెగ్గినదనుటకు ఇంతకంటె ఆధారము మాకక్కఱలేదు.

కుక్క పేరును చరిత్రదృష్టితో పరిశీలింపుడు. అలమండ విజయనగరము చేరువది, క్షత్రియుల లోగిలి. విజయనగరపు రాజులకు బొబ్బిలి తరతరముల పగ. ఆ యింటి కుక్కకు 'వీరబొబ్బిలి' యని పేరు! పగవాని పేరు పెట్టి కుక్కను పిలుచుట అవమాన మనుకొందమా? 'వీర' శబ్దము అడ్డు వచ్చును. గౌరవ మనుకొందమా? పెట్టినది కుక్కకు. ఈ రెండును కలిసియే యున్నవని మా యభిప్రాయము. రెండువందల యేండ్లు గడచిన పిదప పగ సైతము ఇంటిలో పెంపుడుప్రాణియైనది. పద్మనాభమున మనుష్యులకు ప్రాణము తీసిన స్వామిభక్తి, బొబ్బిలిలో కోటనంతటిని కాల్చిన పౌరుషము, రెండును ఒక కుక్క పేరున చేరి వాకిటిలో ఎండకు పండుకొన్నవి. ఇంత చరిత్రను ఒక్క నామమున నిమిడ్చిన రచయితకు ఆ చరిత్ర పుస్తకములనుండి వచ్చినది కాదు. పతంజలిగారు 1952లో ఆ యలమండలోనే జన్మించిరి. వారు నవ్వినది తమవారినే చూచి.

కుక్క చూపుననే యిది యేల చెప్పవలె? అదే యింటిని ఒక పాలేరు చూచి చెప్పినచో అది నేరారోపణ మగును. పాలేరునకు కూలి బాకీ యుండును. ఇంటి కొడుకు చెప్పినచో వగపో, సమర్థనమో యగును. బయటివాడు చెప్పినచో వెక్కిరింత. కుక్క ఇంటిదే గాని వారసత్వము లేనిది. పస్తుండును గాని బాకీ వ్రాసికొనదు. లోగిలి గొప్పను మనఃపూర్వకముగా నమ్మును. ఇంటిలో చివరివఱకు నమ్మిన ప్రాణి యదొక్కటియే. రాజులకు సైతము అనుమానము కలిగిన చోట దానికి అనుమానము లేదు. పాఠకుడు ఆ నమ్మకమును, ఎదుటనున్న శిథిలస్థితిని ప్రక్కప్రక్కన చూచి నవ్వును. కుక్క ఫిర్యాదు చేయకపోవుటయే యచట ఫిర్యాదు. శాసనకర్త సకల కలింగమును గెలిచిన రాజని చెక్కుచు నవ్వలేదు. చదువు మనమే నవ్వుకొందుము. పతంజలిగారు ఆ చెక్కువానిని కథలోనికి తెచ్చి, నాలుగుకాళ్లు పెట్టిరి.

ఈ యూహకు వారి యితర నవలలు బలము నిచ్చుచున్నవి. 'ఖాకీవనం' పోలీసుశాఖలో క్రిందివారి బ్రదుకును, 'పెంపుడు జంతువులు' పత్రికాకార్యాలయపు లోగుట్టును చిత్రించిన నవలలు. రచయిత చిరకాలము పత్రికారచయితగా పనిచేసినవారు; 2009లో మరణించునాటికి వారి వృత్తి యదియే. పెంపుడు జంతువులను పేరు మనుష్యుల నవలకు పెట్టి, కుక్క నవలకు వీరుని పేరు పెట్టుట యాదృచ్ఛికము కాదు. యూనిఫారము తొడిగిన కొలువు, కలము పట్టిన కొలువు, వాకిటికొలువు: మూడింట వారు వెదకినది తనకు చెందని గౌరవమును తనదిగా మోయువాని మనస్సు. మొదటి రెండు నవలలలో ఆ బరువు మోయువానికి కోపము తెప్పించినది. మూడవదానిలో మోయుటయే మోయుదానికి సంతోషము. అందుచేతనే అది నవ్వించును, అందుచేతనే యెక్కువ కలతపెట్టును.

ఒక యాక్షేపణకు సమాధానము చెప్పవలసి యున్నది. హాస్యనవలను చరిత్రాధారముగా గ్రహించుట సమంజసమా యని మా సహాధ్యాపకులు కొందఱు శంకింతురు. రాబడి లెక్కలకు, భూమి కొలతలకు నవల ఆధారము కాదు. ఆ పనికి దస్తావేజులు కలవు. కాని 1948 చట్టము తరువాత ముప్పదేండ్లకు ఒక లోగిలిలో 'మేము' అను మాటకు అర్థమేమో యే దస్తావేజు చెప్పును? ముఖలింగ శాసనములను చరిత్రకారులు ఆధారములుగా గ్రహించుచున్నారు. వానిలోని పొగడ్తను నమ్మి కాదు, పొగడ్త యెవరి కవసరమైనదో తెలిసికొనుటకై. అదే న్యాయము వీరబొబ్బిలి ప్రగల్భములకును వర్తించును.

శైవాలయములలో శిల్పులు భైరవుని ప్రక్కన కుక్కకు చోటిచ్చిరి. ప్రాకారములోనికి వచ్చిన కుక్కను మాత్రము అర్చకుడు కఱ్ఱతో అదలించును. రాతికుక్కకు పసుపు కుంకుమలు, ప్రాణమున్న కుక్కకు కఱ్ఱ. తెలుగు వచనమును బహుకాల మట్లే నడచినది: నీతికథలోని జంతువునకు సంస్కృతసమాసములు, వాకిటికుక్కకు 'ఛీ' యను మాట. ఈ రెండవ కుక్కను ప్రాకారము దాటించి నవల నడుమ కూర్చుండబెట్టిన యూరు అలమండ. ఆ యూరివారు తరువాతి నవలలైన 'గోపాత్రుడు', 'పిలక తిరుగుడు పువ్వు'లలో భూమి బల్లపరుపా గుండ్రమా యను తగవునకు దిగిరి. ఆ తగవులో పలికిన శాస్త్రప్రమాణముల పరిశీలనము వేఱొక సంచికకు విడిచిపెట్టుచున్నాము.